సాహిత్యంలో నేల, చెట్టు, నీరు: మన మూడు జిల్లాల పరిశీలన

సాహిత్యానికీ ప్రకృతికీ గల సంబంధం అనాదియైనది. ఈ మాటను మనం వ్యాసాలలో ఎంత తరచుగా చదువుతామో, అంత తరచుగా పరీక్షించకుండానే విడిచిపెడతాము. కవి ప్రకృతిని వర్ణించాడనగానే విషయం తేలిపోదు. ఏ ప్రకృతిని వర్ణించాడు? తాను కాలు మోపిన నేలమీది ప్రకృతినా, తాను చదివిన కావ్యాలలోని ప్రకృతినా? ఈ ప్రశ్నను జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతాల సాహిత్యానికి అన్వయించి చూడవలెనన్న తలంపుతో ఈ వ్యాసం వ్రాస్తున్నాము. ఈ మూడూ జిల్లాలైనది 2016 అక్టోబరులోనే గాని, ఇక్కడి సాహిత్యం ఏడెనిమిది వందల యేండ్లనాటిది. మన కళాశాల విద్యార్థులలో పెక్కుమంది ఈ ఊళ్లవారే కావున, ఇందులో చెప్పే చెట్లు, చెరువులు వారికి పరిచితములే.

మన ఆలంకారికులు మహాకావ్యానికి అష్టాదశ వర్ణనలు విధించారు. నగరం, సముద్రం, పర్వతం, ఋతువులు, చంద్రోదయం, ఉద్యానవిహారం, జలక్రీడ మొదలైనవి అందులో చేరినవి. సముద్రాన్ని కంటితో చూడని కవి కూడ సముద్రాన్ని వర్ణించవలసిందే. దీనివలన మన కావ్యాలకు ఒక నిండుదనం వచ్చిన మాట నిజమే గాని, ఏ ఊరి కవి వ్రాసినా అదే తోట, అదే కొలను, అదే కోకిల కనిపించుట కూడ దీనివలననే సంభవించింది. పొరుగున ఉన్న తమిళులు వేరొక దారి తొక్కినారు. వారి ప్రాచీన లక్షణ గ్రంథమైన తొల్కాప్పియం నేలను కొండ, అడవి, పొలం, సముద్రతీరం, పాలయభూమి అని ఐదుగా విభజించి, ఒక్కొక్క నేలకు ఒక్కొక్క చెట్టునో పువ్వునో పేరుగా పెట్టి, ఆ నేలకు తగిన మనోభావాన్ని కూడ నిర్ణయించింది. కొండ కలయికకు, అడవి ఎదురుచూపుకు, తీరం విరహవేదనకు నెలవులు. అంటే వారికి ప్రకృతి తెరమీది బొమ్మ కాదు, భావం పుట్టిన చోటు. మనకు అటువంటి శాస్త్రం లేదు. కాని శాస్త్రం లేనంతమాత్రాన అనుభవం లేదని చెప్పరాదు. హాలుని పేర వెలసిన గాథాసప్తశతిలో గోదావరి ఒడ్డు పల్లెలు, పొలాలు, వేటగాండ్ర ఇండ్లు ప్రాకృత భాషలో ఎంత సహజంగా కనిపిస్తాయో చదివినవారు ఎరుగుదురు.

ఇక మన ప్రాంతానికి వద్దాము. జనగామ జిల్లాలో పాలకుర్తి, బమ్మెర ఒకే మండలంలోని గ్రామాలు. పదమూడవ శతాబ్దివాడైన పాల్కురికి సోమనాథుడు పాలకుర్తివాడనీ, పదునైదవ శతాబ్దివాడైన పోతన బమ్మెరవాడనీ ప్రతీతి. పోతన జన్మస్థానం విషయంలో ఒంటిమిట్ట వాదం కూడ కలదు గాని, ఆ చర్చలోనికి పోవుట మా ఉద్దేశం కాదు. సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో తన కాలపు జనులు పాడుకొనే పాటల పేర్లు పేర్కొన్నాడు. తుమ్మెద పదాలు, వెన్నెల పదాలు, పర్వత పదాలు, ప్రభాత పదాలు, గొబ్బి పదాలు అట్టివి. ఈ పేర్లలో సగం ప్రకృతి పేర్లే అగుట గమనింపదగినది. జానుతెనుగును ఆదరించిన కవికి జనుల నోట ఉన్న తుమ్మెద, వెన్నెల కూడ ఆదరణీయములైనవి.

పోతన విషయం కొంత విపులంగా చెప్పవలసియున్నది. గజేంద్రమోక్షం మన విద్యార్థులందరికీ పాఠ్యాంశంగా తెలిసినదే. అందులో ఏనుగులు తిరిగే అడవిని వర్ణించుచు పోతన చెట్ల పేర్లు ఒక దీర్ఘ వచనంలో కూర్చినాడు. పరీక్షలకు చదివే విద్యార్థులు సాధారణంగా ఆ వచనాన్ని దాటిపోతారు. మేము మాత్రం ఒకసారి డిగ్రీ తరగతిలో ఆ వచనాన్ని నల్లబల్లమీద వ్రాసి, ఇందులో మీరు కంటితో చూచిన చెట్లెన్ని అని అడిగినాము. మొదట ఒక్కరూ పలుకలేదు. మధూకమంటే ఇప్పచెట్టు అని చెప్పగానే, కొత్తగూడ వైపు నుండి వచ్చే ఒక విద్యార్థి లేచి, ఇప్పపూవు ఏ నెలలో రాలుతుందో, తెల్లవారుజామున దానిని ఎట్లా ఏరుతారో, ఎండబెడితే ఎన్నాళ్లు నిలువ ఉంటుందో పావుగంటసేపు చెప్పినాడు. అంతవరకు ఆ విద్యార్థి తెలుగు తరగతిలో నోరు విప్పినది లేదు. పిదప వరుసగా తక్కినవి బయటపడినవి. పలాశం మోదుగు, పిచుమందం వేప, వటం మర్రి, కపిత్థం వెలగ, బదరి రేగు, జంబువు నేరేడు, ఆమలకం ఉసిరి, బిల్వం మారేడు, భల్లాతకం నల్లజీడి, ప్రియాళువు సారచెట్టు. ఉర్దూ మాధ్యమంలో చదివి వచ్చిన విద్యార్థులు నేరేడును జామున్ అనీ, మారేడును బేల్ అనీ, ఇప్పను మహువా అనీ చెప్పుచుండగా, సంస్కృత సమాసంలో దాగియున్న అడవి ఒక్కొక్క చెట్టుగా తరగతిలోనికి వచ్చినట్లయినది.

అదే వచనంలో లవంగం, చందనం, తక్కోలం కూడ ఉన్నవి. లవంగచెట్టు బమ్మెర పరిసరాలలో మొలచినదని ఎవరూ చెప్పరు. అవి కావ్యమార్గం నుండి వచ్చిన చెట్లు. ఇప్ప, మోదుగు, నల్లజీడి, సార మన తెలంగాణ అడవిలోని చెట్లు. పోతన రెండింటినీ ఒకే సూత్రంలో గ్రుచ్చినాడు. ఇందులో ఏది కవి కన్నది, ఏది విన్నది అని గీత గీయుట సాధ్యం కాదు. యమకానుప్రాసల కోసం చేరిన చెట్టు కూడ ఉండవచ్చును. అయినను పోతన నాగలి పట్టినవాడనీ, తన కావ్యాన్ని రాజులకంకితమీయనొల్లక సేద్యంతో జీవించినాడనీ జనులు తరతరాలుగా చెప్పుకొనుటలో ఒక అంతరార్థం ఉన్నది. ఆ అడవి వర్ణన వ్రాసినవాడు మట్టి ఎరిగినవాడు కావలెనని వారు కోరుకున్నారు.

మోదుగు సంగతి వేరుగా చెప్పవలె. ఫాల్గుణంలో ఆకు రాల్చి, కొమ్మ కొమ్మంతా ఎఱ్ఱగా పూచే ఈ చెట్టును సంస్కృత కవులు కింశుకమన్నారు. రూపమున్నా విద్యలేనివానిని వాసనలేని ఈ పువ్వుతో పోల్చుట సుభాషితకారులకు పరిపాటి. అనగా వారి దృష్టిలో ఇది పనికిరాని అందం. మన ఊళ్లలోనో? మోదుగాకుతో విస్తర్లు కుడతారు, పువ్వును ఉడికించి హోళీకి రంగు తీస్తారు. ఉర్దూలో ఈ పువ్వుకు టేసూ అని పేరు. పనికిరాని పువ్వు అన్న మాట ఇక్కడ చెల్లదు. మహబూబాబాదు జిల్లా చిన్నగూడూరులో 1928లో జన్మించిన దాశరథి రంగాచార్య తన నవలకు ‘మోదుగుపూలు’ అని పేరు పెట్టినప్పుడు, ఈ రెండు దృక్పథాలలో ఏది ఎన్నుకున్నాడో వేరుగా చెప్పనక్కరలేదు. నిజాము పాలన చివరి దశాబ్దాల తెలంగాణా పల్లె, అడవి, అక్కడి మనుషుల తిరుగుబాటు ఆయన నవలలకు వస్తువులు. ‘చిల్లర దేవుళ్లు’లో దొర గడీ ఎంత ముఖ్యమో, గడీ వెలుపలి చెట్టు, గుట్ట, వాగు అంతే ముఖ్యం. ఆ పాత్రలు మాట్లాడే భాషను ఆ నేలనుండి విడదీసి చదివితే సగం అర్థం జారిపోతుంది. పోతన వచనంలో పలాశమై నిలిచిన చెట్టు ఐదు శతాబ్దాల తరువాత పొరుగు జిల్లా రచయిత చేతిలో తన ఊరి పేరుతో పుస్తకానికి శీర్షిక అయినది. మా దృష్టిలో తెలుగు సాహిత్య చరిత్రలోని ఒక పెద్ద మలుపును చూపుటకు ఈ ఒక్క చెట్టు చాలును.

మహబూబాబాదు పట్టణానికి మానుకోట అనే పేరు కూడ ఉన్నది. అది మ్రానుకోట, అనగా చెట్లే కోటగా గల ఊరు అని పెద్దలు చెబుతారు. ఒక పేరులో ఆసఫ్‌జాహీ ప్రభువు, రెండవ పేరులో చెట్టు. రైలు టిక్కెట్టుపై మొదటిది, ఊరివారి నోట రెండవది నేటికీ నడుచుచున్నవి. రెండూ మనవే.

రంగాచార్యుల అన్నగారైన దాశరథి కృష్ణమాచార్యులు (1925–1987) మన కళాశాలవంటి చోట ప్రత్యేకంగా స్మరింపదగినవారు. ఆయన ‘గాలిబ్ గీతాలు’ ద్వారా గాలిబ్ తెలుగువారి ఇంటికి వచ్చినాడు. ఉర్దూ గజల్‌లోని తోట, గులాబి, బుల్‌బుల్ ఫారసీ సంప్రదాయం నుండి వచ్చినవి. అవి ఢిల్లీ తోటలు కావు, షీరాజు తోటలు కూడ కావు. కవుల మనసులలోని తోటలు. మన అష్టాదశ వర్ణనల ఉద్యానవనానికీ దీనికీ ఎంత దగ్గర చుట్టరికమున్నదో చూడండి! రెండు భాషలవారమూ ఒకే విధమైన ఊహాప్రకృతిని పెంచి పోషించుకున్నాము. ఉర్దూవారిది పరాయి ప్రకృతి, తెలుగువారిది స్వంత ప్రకృతి అని కొందరు తేలికగా అంటారు. లవంగ చందనాలను తలచుకుంటే ఆ మాట నిలువదు.

ఇంతకూ దక్కనులోని ఉర్దూ, అనగా దక్కనీ, మొదటినుండి ఫారసీ తోటకే కట్టుబడి ఉండలేదు. గోలకొండ సుల్తాను ముహమ్మద్ కులీ కుతుబ్ షా (పాలన 1580–1612) తన కవితలలో వసంతాన్ని పాడినట్లే వానకాలాన్ని పాడినాడు, ఈ దేశపు పండ్లను, కూరగాయలను పాడినాడు. డాక్టర్ ముహియుద్దీన్ ఖాద్రీ జోర్ 1940లో ప్రచురించిన ఆయన కవితాసంపుటిలో ‘మిర్గ్’ను గూర్చిన కవితలు ఉన్నవి. మిర్గ్ అంటే మృగశిర. ఫారసీ కవికి సంతోషకాలం బహార్, అనగా వసంతం. మంచు కరిగే దేశంలో అది సహజమే. మన దేశంలో చైత్ర వైశాఖాలు మంటలు చెరుగుతాయి. ఇక్కడ ప్రాణం లేచి వచ్చేది జూన్ మొదటి వారం దాటిన తరువాత, తొలకరితోనే. మన రైతు దానిని మిరుగు అంటాడు, మిరుగునాడు చేప తినవలెనంటాడు. సుల్తాను మిర్గ్, రైతు మిరుగు ఒకే మాట. తొలకరి పడగానే మట్టిలోనుండి పైకి వచ్చే ఎఱ్ఱని మఖమలు పురుగును తెలుగు పిల్లలు ఆరుద్ర పురుగనీ, ఉర్దూ పిల్లలు బీర్‌బహూటీ అనీ పిలుస్తారు. అగ్గిపెట్టెలో దాచుకొనుటలో మాత్రం ఇద్దరిదీ ఒకే పద్ధతి.

నేలను గూర్చి చెప్పుచు పొలాన్ని మరచిపోరాదు. కొందరు విమర్శకులు ప్రకృతి అంటే అడవి, నది, వెన్నెల అని మాత్రమే తలుస్తారు. దున్నే నేల ప్రకృతి కాదా? జనగామ జిల్లా దేవరుప్పుల మండలం కామారెడ్డిగూడెంలో షేక్ బందగీ అనే సామాన్య రైతు తన భూమి కోసం విసునూరు దేశ్‌ముఖుపై న్యాయస్థానంలో పోరాడి, 1940 ప్రాంతంలో హత్యకు గురియైనాడు. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి వ్రాసిన ‘మా భూమి’ నాటకంలో కథానాయకునికి ఆ పేరే పెట్టినారు. తెలంగాణా రైతుపోరాటం మీద కృష్ణచందర్ ఉర్దూలో ‘జబ్ ఖేత్ జాగే’ అనే నవల వ్రాసినాడు; గౌతమ్ ఘోష్ 1979లో తీసిన ‘మా భూమి’ చలనచిత్రానికి ఆ నవలయే ఆధారం. ఆ నవల పేరులో మేల్కొనుచున్నది పొలం. ఒక ముస్లిం రైతు తెలుగు నాటకానికి నాయకుడగుట, తెలుగు రైతు ఉర్దూ నవలకు నాయకుడగుట, ఈ రెండూ మన గ్రంథాలయంలో ఒకే బీరువాలో ఉండదగినవి. ప్రస్తుతం మొదటిది తెలుగు బీరువాలో ఉన్నది, రెండవది లేనే లేదు. కళాశాల కమిటీవారు దయతో గమనింతురుగాక.

నీటిని గూర్చి ఒకటి రెండు మాటలు. కాకతీయుల చెరువులు ఈ ప్రాంతపు ప్రకృతిలో భాగమని తలుస్తాము గాని, అవి మనుష్యుడు కట్టినవే. మహబూబాబాదు జిల్లా బయ్యారం చెరువును గణపతిదేవ చక్రవర్తి సోదరి మైలాంబ త్రవ్వించినది. అక్కడి శాసనం కాకతీయ వంశక్రమాన్ని తెలుపుటచేత చరిత్రకారులకు మిక్కిలి ప్రియమైనది. సాహిత్య విద్యార్థి చూడవలసిన విశేషం వేరు: ఒక వంశం తన చరిత్రను కోటగోడమీద గాక చెరువు కట్టమీద నిలుపుకున్నది. రామప్ప గుడి (1213) ప్రక్కన రామప్ప చెరువు, గణపురంలో కోటగుళ్ల చెంత గణపసముద్రం ఇదే వరుసలోనివి. బతుకమ్మ పాట ముగిసేది కూడ చెరువు నీటిలోనే గదా. తంగేడు, గునుగు విత్తనం చల్లి పెంచే పూలు కావు; బీడులో, చేనుగట్టున తమంత తాము మొలిచేవి. కలుపుమందు కొట్టిన చేలలో గునుగు కనిపించుట లేదని మా ప్రాంతపు స్త్రీలు చెప్పుచున్నారు. అంగడిలో రంగు అద్దిన గునుగు కట్టలు కొనవలసివచ్చిన ఏడు, పాటలో పూల వరుస నోటికి వస్తుంది గాని కంటికి రాదు.

భూపాలపల్లి వైపు పోయినకొద్దీ వ్రాసిన సాహిత్యం తగ్గి, చెప్పిన సాహిత్యం పెరుగుతుంది. కాళేశ్వరం వద్ద ప్రాణహిత గోదావరిలో కలుస్తుంది. మూడవ నది సరస్వతి అంతర్వాహినిగా ఉన్నదని భక్తుల విశ్వాసం. 2016 నుండి 2019 ఫిబ్రవరి వరకు భూపాలపల్లి జిల్లాలో ఉండి, ఇప్పుడు ములుగు జిల్లాలో చేరిన మేడారంలో రెండేండ్లకొకసారి మాఘమాసంలో సమ్మక్క సారలమ్మ జాతర జరుగుతుంది. ఆ కథ కోయ గాయకుల నోట, పడిగె అనే బొమ్మల గుడ్డమీద, జనుల నోట అనేక రూపాలలో నడుచుచున్నది. సమ్మక్క పులులతో ఆడుకొనుచుండగా కోయదొరలకు దొరికిన బాలిక. ఆమె భర్త పగిడిద్దరాజును నేటికీ మహబూబాబాదు జిల్లా పూనుగొండ్ల నుండి కాలినడకన తీసుకొనివస్తారు. కుమారుడు జంపన్న పడిపోయిన సంపెంగవాగు జంపన్నవాగైనది. యుద్ధం పిదప సమ్మక్క చిలుకలగుట్టమీద అదృశ్యమై, చెట్టు క్రింద కుంకుమభరిణెగా కనిపించినది. గద్దెలమీద విగ్రహం లేదు. ఈ కథలో ప్రతి ముఖ్య సంఘటనకు ఒక గుట్టో, వాగో, చెట్టో సాక్షిగా నిలిచినది. ఆ చోట్లను తీసివేస్తే చెప్పుటకు కథ మిగలదు. కావ్యంలో వర్ణన తొలగించినా కథ నడుస్తుంది. ఇక్కడ అట్లు కాదు. అచ్చు పుస్తకాలు చదివిన మనకు ఈ భేదం వెంటనే తోచదు.

తాడ్వాయి కొండలలో పుట్టిన కిన్నెరసాని వాగుమీద విశ్వనాథ సత్యనారాయణ ‘కిన్నెరసాని పాటలు’ వ్రాసినాడు. అత్త ఆరళ్లు పడలేక అడవికి పోయిన కోడలు కరిగి వాగగుట, భర్త రాయి అగుట అందులోని కథ. కృష్ణాతీరం నుండి వచ్చిన కవి మన కొండవాగుకు ఒక అందమైన కథ కల్పించినాడు. ఆ పాటల సొగసును తక్కువ చేయలేము. అయినను జంపన్నవాగు కథ ప్రక్కన పెట్టి చదివినప్పుడు, వాగును చూచి పులకించినవాని మాట ఒకటి, వాగునీరు త్రాగి బ్రతికినవారి మాట వేరొకటి అని తెలియకపోదు. అట్లే లంబాడీ తండాలలో శ్రావణమాసపు తీజ్ పండుగ నాడు పెండ్లికాని ఆడపిల్లలు వెదురు బుట్టలలో గోధుమ మొలకలు పెంచి, తొమ్మిది దినాలు నీరు పోయుచు పాడే పాటలను ఎవరైనా శ్రద్ధతో సేకరించవలసియున్నది. మహబూబాబాదు జిల్లా తండాల నుండి వచ్చే మన విద్యార్థినులే ఇందుకు తగినవారు.

ఇవన్నీ ఇప్పుడెందుకు చెప్పవలసివచ్చినదో కూడ చెబుతాము. భూపాలపల్లిలో సింగరేణి గనులు, చెల్పూరులో విద్యుత్కేంద్రం వేలమందికి అన్నం పెట్టుచున్నవి. మన విద్యార్థుల తండ్రులలో అక్కడ పనిచేసేవారున్నారు. ఉపరితల గని త్రవ్వినచోట గుట్ట ఎత్తు మారుతుంది, వాగు దారి మారుతుంది. కాళేశ్వరం దిగువన మేడిగడ్డ బరాజు 2019లో ప్రారంభమై, 2023 అక్టోబరులో దాని స్తంభాలు కుంగినవి. 2024 ఆగస్టు 31న తాడ్వాయి–మేడారం అడవిలో పెనుగాలికి వేలాది చెట్లు ఒక్క సాయంకాలంలో నేలకూలినవి. ఆ మరునాడే కేసముద్రం వద్ద వరదకు రైలుకట్ట కొట్టుకుపోయి బండ్లు నిలిచిపోయినవి. అభివృద్ధి వద్దనుట మా వాదం కాదు. జీతపురాళ్లు లేని ఇంట కావ్యపఠనం సాగదని మాకు తెలియును. కాని ఒక గుట్ట పోయినప్పుడు దానితో పోయే పేరు, ఆ పేరుతో పోయే పాట ఏ కార్యాలయపు లెక్కలలోనూ వ్రాయబడదు. నష్టపరిహారం చెట్టుకు ఇస్తారు, పొలానికి ఇస్తారు, మాటకు ఇయ్యరు. ఆ లెక్క వ్రాయవలసినవారు భాష చదువుకునేవారే.

అందుకై మా విభాగంలో ఒక పెద్ద నోటుపుస్తకం పెట్టినాము. ఎడమప్రక్క పోతన వచనంలోని చెట్టు పేరు, ఆ పిమ్మట ఊరి పేరు, ఉర్దూ పేరు, కోయ పేరు, లంబాడీ పేరు, చివర ఆ చెట్టును ఎక్కడ చూచినారో ఆ ఊరు, చూచినవారి తరగతి. నిఘంటువు చూచి వ్రాయుట నిషేధం. ఇంటిలోనో ఊరిలోనో పెద్దలను అడిగి, వీలైతే చెట్టును చూచి వ్రాయవలె. ఉర్దూ విభాగంవారు తమవంతు గడులు చాలవరకు నింపినారు. కోయ గడి ఇంకను ఖాళీగా ఉన్నది గనుక, ఏజెన్సీ గ్రామాల విద్యార్థులు వేసవి సెలవులలో, తునికాకు కోతకు పోయినప్పుడైనా సరే, అడిగి తెలిసికొని రావలెనని కోరుచున్నాము. కుటజం, శింశుప అను రెండింటి ఎదుట ఇంతవరకు ఎవ్వరూ ఏమియు వ్రాయలేదు. సారచెట్టు ఎదుట మాత్రం మూడు ఊళ్ల నుండి మూడు పేర్లు వచ్చినవి. ఏది సరియైనదని విద్యార్థులు వాదించుకొనుచున్నారు. మేము మూడింటినీ ఉంచినాము.